ఇంటి పాటకు ఆఖరి చెయ్యి

మాస్టరింగ్ అంటే సప్పుడు పెంచుడు అనుకునేటోళ్లు ముందుగాల ఇది సదవుండ్రి. సదివినంక గూడ గదే అనుకుంటే మీ ఇష్టం, నేనేం జెయ్యలేను.

నల్లగొండల గడియారం కాడికెళ్లి రెండు గల్లీలు దాటినంక ఒక బియ్యం దుకాణం మీది అంతస్తుల నా గది ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తల కిరాయికి తీసుకున్న. ఇప్పుడు ఖాళీ జేసిన. గోడలకు కొట్టిన దూది పలకలు పీకి ఇంటికి తెస్తే మా ఇంటామె కమల వాటిని కోళ్ల గూటికి కట్టింది. "ఇగ మన కోళ్లు గూడ మంచిగ రికార్డింగ్ చేసుకుంటయి" అని ఒకటే నవ్వుడు.

ఈ పనిలకు కొత్తగ వస్తున్నోళ్లు ఫోన్ జేసి ఏ మిషిన్ కొనాలె, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడుగుతున్నరు. అవి నాకంటె మీకే ఎక్కువ తెల్సు. నేను చెప్పేది ఏడ చెయ్యి పెట్టాలె, ఏడ పెట్టొద్దు అన్నది. నేను పెట్టొద్దన్న కాడ చెయ్యి పెట్టి ఒక మనిషిని దుఃఖపెట్టిన. ఆ ముచ్చట దాచి మిగతాది చెప్తే అంతా అబద్ధమైతది. అందుకని గదే చెప్త.

పని ఏందంటే

ఒకామె ఇంట్ల తలుపులు మూసి, కిటికీలకు బొంతలు కట్టి, చిన్న మైకు ముందల పాట పాడ్తది. తెలిసినోళ్లు ఎవలో కీబోర్డు కొడ్తరు. ఇంకెవలో కంప్యూటర్ల అన్ని కలుపుతరు. కలిపిన పాట ఆళ్ల చెవులల్ల పెట్టుకొని ఇంటే మంచిగనే ఉంటది. అదే పాట ఆటోల పెడితే మాట తెల్వది. పెండ్లి స్పీకర్ డబ్బాలల్ల పెడితే ఇల్లు అదురుతది గని పాట ఉండది. అప్పుడు నా కాడికి తెస్తరు. నేను ఇని, ఎక్కువున్నది జర దించి, తక్కువున్నది జర లేపి, ఫోన్ల పెట్టినా ట్రాక్టర్ మీద పెట్టినా చర్చి మైకుల పెట్టినా అదే పాట అనిపించేటట్టు చేస్త. పాట బయటికి పోయే ముందల దాని మీద పడే ఆఖరి చెయ్యి నాది. గంతే పని.

నా కాడికి వచ్చినోళ్లు ఎవలనుకుంటున్నరు? సినిమోళ్లు కాదు. హాలియాల మోటర్లు బాగుచేసేటాయన, కొల్లాపూర్ల హాస్టల్‌ల వండిపెట్టేటామె, బస్సు కండక్టర్, అంగన్‌వాడి టీచర్. పొద్దంత పని చేసుకొని మిగిలిన జర సేపట్ల పాట కట్టుకునేటోళ్లు. అంతకుముందు నేను హైదరాబాద్‌ల పనిచేసిన రికార్డింగ్ థియేటర్‌ల "ఆ మాట మార్చమ్మా, మరీ పల్లెటూరిదున్నది" అని పాడేటోళ్లను నడుమల ఆపుతుంటే కండ్లార చూసిన. రాష్ట్రం వచ్చినంక మన మాట మనం పాడుకోవచ్చని జనాలకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే నా గదికి మెట్లెక్కి వచ్చింది. అందుకే ఆళ్ల పాటలు నాకు ఇజ్జత్ లెక్క ఉండె.

అయితే అందరిది ఒకటే గోస: "అన్నా, గుద్దాలె!" గుద్దుడంటే డబ్బాలు పగిలేటట్టు మోగాలె. హాలియా మోటర్లాయన నా పక్కన కూసుండి "ఇంకా, ఇంకా" అని ఎగేసి ఎగేసి సప్పుడు పెంచిపిచ్చిండు. వద్దన్న, ఇనలే. సరే తీయ్ అని ఇచ్చిన. తెల్లారి ఫోన్. "సత్తన్నా, మా చెల్లె పెండ్లిల నీ పాట డబ్బాను చింపింది!" నేను నెత్తి పట్టుకున్న. ఆయన మాత్రం సంబురపడుతున్నడు. చింపిందంటే గొప్ప పాట అని ఆయన లెక్క. గిట్లాంటోళ్లకు ఏం చెప్తవు?

తొడల కింద చేతులు

హైదరాబాద్‌ల నాకు పని నేర్పింది మొయిన్ సాబ్. బక్కపల్చగ, ఎప్పుడు తెల్ల లాల్చీల, నోట్ల పాన్. ఎవ్వలిని తిట్టకపోయేది. తిట్టినా మంచిగుండు, ఆయన చూపే మస్తు ఉండె.

ఒకపారి ఆయన బయటికి పోయొచ్చేవరకు నేను ఒక పాటల కంజీర సప్పుడు జర పదును జేసి పెట్టిన. వచ్చి ఇన్నడు. "గల్తీ ఏముండె?" అని అడిగిండు. గల్తీ ఏం లేదు సాబ్, ఊకెనే మంచిగుంటదని చేసిన అన్న. మిషిన్ బందు చేసి, నన్ను కుర్చీల కూసోబెట్టి, "రెండు చేతులు తొడల కింద పెట్టుకో" అన్నడు. పెట్టుకున్న. పాట పెట్టిండు. అయిపోంగనే మళ్ల పెట్టిండు. మూడోపారి పెట్టినంక "ఇప్పుడు చెప్పు, ఏం తప్పున్నది? నోటితోని చెప్పు. నోటితోని చెప్పరాకుంటే చెయ్యి తియ్యకు" అన్నడు.

గదే నా సదువు. నల్లగొండల గది పెట్టినంక గూడ మస్తు ఏండ్లు గట్లనే చేసిన. పాట రాంగనే మూడుపార్లు, చేతులు తొడల కింద. చూసినోళ్లు నవ్వేటోళ్లు, "అన్న బడి పిలగాని లెక్క కూసున్నడు" అని. నవ్వనియ్యి అనుకునేటోన్ని.

తర్వాత పని పెరిగింది. బతుకమ్మ వస్తే ఒకటే ఒత్తిడి, ఎలక్షన్లు వస్తే ఇంకా ఒత్తిడి. మూడుపార్లు ఇనుడు రెండైంది, రెండు ఒకటైంది. తర్వాత పాట మోగుతుంటెనే చేతులు నడుస్తుండె. చెవి కంటె ముందు చెయ్యి పోతుండె. అనుభవం వచ్చిందని అనుకున్న. పొగరు వచ్చింది, అనుభవం కాదు.

ఇంకో అలవాటు గూడ ఉండె, అది పోగొట్టుకోలే. తయారైన పాటను కిందికి తీస్కపోయి జహంగీర్ ఆటోల పెట్టి ఇనేది. జహంగీర్ బియ్యం దుకాణం ముందల ఆటో పెట్టుకునేటోడు, పాటల పిచ్చోడు. ఆఖరి రెండేండ్లు ఒకటే అంటుండె: "సత్తన్నా, గీ మధ్య నీ పాటలు చెవుల సూదులు గుచ్చినట్టున్నయి."

"నీ డబ్బా పాతదైంది, మార్చుకో పో" అని కసురుకున్న. పాపం, మార్చిండు. మార్చినంక గూడ గదే మాట. నేను పట్టించుకోలే. ఇంట్ల కమల టీవీ సప్పుడు తగ్గించమని రోజు లొల్లి. అది గూడ పట్టించుకోలే.

సువార్త పాట

సువార్త హుజూర్‌నగర్ పక్కన ఒక ఊర్ల అంగన్‌వాడి టీచర్. నా కాడికి అంతకుముందు రెండు చర్చి పాటలు తెచ్చింది. నిమ్మళమైన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటది. ఈసారి వరి నాటు పాట తెచ్చింది, తనే కట్టింది. చిన్నప్పుడు తల్లి వెంబడి నాట్లకు పోయిన ముచ్చట అంతా అండ్ల పెట్టింది.

"ఈ పాటల డప్పు మా నాయినది అన్నా" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొకం చూడాలె మీరు, ఎలిగిపోయింది.

వాళ్ల నాయిన యేసోబు. ఆ చుట్టుపక్కల ఊర్లల్ల పెండ్లయినా, పండుగయినా, క్రిస్మస్ ఊరేగింపయినా యేసోబు డప్పు లేంది కదలకపోయేది. చిన్నప్పటి సంది కూలికి పోకుంటె డప్పు, డప్పు కొట్టకుంటె కూలి. ఎన్నడు మైకు ముందల కూసోలే. బిడ్డ బతిమాలితే మొదటిపారి కూసున్నడు.

ఆ రోజు వాన. డప్పు తోలు చల్లబడితే సాగుతది, సప్పుడు మొద్దయితది, అందుకని కొట్టే ముందల మంట కాడ కాగబెడ్తరు. వాకిట్ల గడ్డి మంటేసి కాగబెట్టుకొని, తడవకుంట తువ్వాల కప్పుకొని ఇంట్లకు ఉరికొచ్చి కొట్టిండట. ఒక్కటే చిన్న గది. బిడ్డ ఒక మైకు కాడ, ఆయన రెండు మూరల దూరంల ఇంకో మైకు కాడ. కోరస్ ఆడోళ్లు తలుపు కాడ. అందరు ఒక్కపారె, మొదటికెళ్లి ఆఖరుదాక ఆగకుంట పాడిండ్రు. ఏ మైకుది ఆ ముక్క విడిగ తెచ్చి నాకిచ్చింది.

నేను ఇన్న. ఒక్కటేపారి ఇన్న, చేతులు మీట మీదనే ఉన్నయి.

డప్పు మొద్దుగ అనిపిచ్చింది. డప్పుకు రెండు పుల్లలుంటయి. కుడిచేతిల పొట్టి, లావు పుల్ల, దాన్ని సిర్ర అంటరు. ఎడమచేతిల పొడుగు, సన్నపుల్ల, గది సిటికెన పుల్ల. నాకు సిర్ర దెబ్బ దబ్బుదబ్బుమని ఇనపడ్డది గని సిటికెన పుల్ల టకటక లేనే లేదు. వానకు తోలు సాగింది, డప్పు పోయింది అనుకున్న. అది చాలదన్నట్టు మూడో చరణంల ఒక దెబ్బ ఆలిశమైంది. కంప్యూటర్ల తాళానికి గీతలుంటయి, ఆ దెబ్బ గీతకు చానా దూరంల పడ్డది. ముసలాయన తప్పిండు అనుకున్న.

నా కాడ ఎప్పుడో దాచుకున్న డప్పు దెబ్బలున్నయి, హైదరాబాద్‌ల మంచి థియేటర్‌ల ఒక జోరుమీదున్న వాయిద్యగాడు కొట్టినయి. యేసోబు దెబ్బ ఏడేడున్నదో ఆడాడ అవి పెట్టిన. అన్నిటిని గీత మీదికి గుంజిన. మూడో చరణంల ఆలిశమైన జాగల బిడ్డ గొంతు గూడ ముందుకు జరిపి అతికిచ్చిన. ఆమె గొంతు మైకుల డప్పు జొర్రిందని ఆమెనే కసిరి, ఆ ముక్క మళ్ల మెయిల్‌ల పంపిచ్చుకున్న. మళ్ల గూడ అట్లనే ఉన్నది. ఇగ గొంతు లేని కాడల్ల కోసి పారేసిన.

మాస్టరింగ్ చేసేటోడు గివన్ని చెయ్యొద్దు. మా పని కలిపిన పాటను మెరుగు పెట్టుడు, వాయించినోన్ని మార్చుడు కాదు. కని మన దిక్కు ముక్కలన్ని మన ముందలనే పోస్తరు, నమ్మి పోస్తరు. మనం దేవుళ్లమైపోతం.

పాట సువార్త ఇన్నది. "నాయిన డప్పు గింత గట్టిగ మోగుతదా అన్నా?" అన్నది.

"మాస్టరింగ్ అంటే గట్లనే ఉంటది చెల్లె" అన్న.

అబద్ధం ఆడిన. గది అబద్ధమని అప్పుడు గూడ నాకు తెల్సు.

పాట నెట్ల పెట్టిండ్రు. మస్తు నడిచింది. "డప్పు: యేసోబు" అని పేరు ఏసిండ్రు. పాట బయటికి పోయినంక ముక్కలు తుడిచేసుడు నాకు అలవాటు, జాగా సాలదని. తుడిచేసిన. సువార్త పాత కంప్యూటర్ ఆ ఎండకాలమే పాడైపోయింది.

"గది నా చెయ్యి కాదు"

ఒక దినం పొద్దున్నే మెట్ల మీద సప్పుడైంది. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, చంకల డప్పు. బస్సెక్కి నల్లగొండ దాక డప్పు పట్టుకొని వచ్చిండు యేసోబు. నేను మొదటిపారి మనిషిని చూసుడు గదే.

"నువ్వేనా సత్తయ్య?"

"నేనే అన్నా. రా, కూసో. చాయ్ తాగుతవా?"

"చాయ్ తర్వాత. ఆ పాట పెట్టు."

పెట్టిన. నిలబడే ఇన్నడు. అయిపోయినంక డప్పు చంకల పెట్టుకొని, ఆ పాట నడకనే జర సేపు కొట్టి చూపెట్టిండు. నాకు అప్పుడు గూడ పెద్ద ఫరక్ తెల్వలే. ఇది గూడ చెప్తున్న, రాసుకోండ్రి.

"పక్కూర్ల పెండ్లిల ట్రాక్టర్ మీద పెట్టిండ్రు తమ్మి. పోరగాండ్లందరు ఎగురుతున్నరు. 'యేసోబన్నా, నీ డప్పు అదరగొట్టినవే' అని నన్ను ఎత్తుకున్నరు. నేనింటున్న. గది నా చెయ్యి కాదు."

"జర సాఫ్ చేసినం అన్నా. వానల తోలు సాగింది గద..."

"సాఫ్ చేస్తే చెయ్యి మారుతదా? నువ్వు మొకం కడుక్కుంటే ఇంకో మనిషివైతవా?"

నేను కుర్చీ జరిపిన. కూసోలే.

"ఎవలిదో చెయ్యి తెచ్చి నా పేరేసిండ్రు. కొట్టినోడు ఎవడో ఆని పేరు ఏడున్నది మరి? నేను దొంగనైతినా, ఆడు గులాం అయ్యిండా? నాదన్న పెట్టు, లేకుంటే నా పేరన్న తియ్యి."

"చూస్త అన్నా" అన్న.

చూస్త. ఎంత అల్కటి మాట! నీళ్లు గూడ ముట్టకుంట దిగిపోయిండు ఆయన. నేను ఏం చూడలే. ఆ ముక్కలు లేవని తెల్సు, లేవని చెప్పేటందుకు నోరు రాలే. పనులల్ల పడి వారం, ఇంకో వారం, నెల దాటింది. పేరు తీపిచ్చుడు సువార్తకు ఒక్క ఫోన్ జేస్తే అయ్యే పని. గది గూడ చెయ్యలే. చేస్తే నేను ఏం చేసిన్నో ఆమెకు చెప్పాలె గద, షరమైంది.

"నాకు నాయినది కావాలె"

తర్వాత సువార్తనే వచ్చింది. మొకం పీక్కపోయింది. నాయినకు పక్షవాతం వచ్చింది, దవాఖానల ఉంచి ఇంటికి తెచ్చినం అన్నది. కుడిదిక్కు పడిపోయింది. మాట ముద్దముద్దగ వస్తున్నది. సిర్ర పట్టే చెయ్యి ఇగ లేవదు.

"నీ మీద కోపం ఎందుకో ఆయన నాకు దవాఖానల చెప్పిండు. నాకు చెప్పకపోతివి గదా అన్నా" అన్నది. గొంతు లేపలే. లేపితే మంచిగుండు.

నేను నెత్తి వంచుకున్న.

"మంచంల పడుకొని గోడ దిక్కు మొకం పెట్టిండు. చెయ్యి ఆడియ్యమని డాక్టర్ చెప్పిండు, ఆడిస్తలేడు. 'నా చెయ్యి ఆ పాటల్నే పోయింది' అంటున్నడు. ఇన్నేండ్లు కొట్టిండు అన్నా. ఎవ్వల కాడ సరిగ్గ ఒక్క రికార్డు లేదు. పెండ్లి వీడియోలల్ల అంతా డబ్బాల లొల్లి. ఆ ఒక్కరోజే సరిగ్గ పట్టినం. నాయిన కొట్టింది నాకియ్యి. పాట పోతే పోనియ్యి, నాకు నాయినది కావాలె."

"లేదు సువార్తా. తుడిచేసిన."

ఆమె కుర్చీల కూలబడ్డది. ఏడ్వలే. గోడకు కొట్టిన దూది పలకల దిక్కే చూసుకుంట కూసున్నది. మనిషి తిడితే ఓర్సుకోవచ్చు, గట్ల కూసుంటే ఓర్సుకోలేం.

"ఎతుకుత. దొరికేదాక ఎతుకుత. ఇంకో పాట ముట్ట" అన్న. గీసారి ఊకెనే అనలే.

మిషిన్లు, డబ్బాలు, పాత పెన్‌డ్రైవ్‌లు అన్ని తిరగేసిన. రెండు రోజులు. ఏం లే. మూడో రోజు మెయిల్ తెరిస్తే కనపడ్డది: గొంతుల డప్పు జొర్రిందని నేను కసిరి మళ్ల పంపిచ్చుకున్న ముక్క. ఉత్త సువార్త గొంతు. కని ఆ గొంతు వెనకాల, రెండు మూరల దూరంల, ఆ చిన్న గదిల, మొదటికెళ్లి ఆఖరు దాక ఆయన డప్పు ఉన్నది. ఏదైతే చెత్త అని కోసి పారేసిన్నో, గదే మిగిలింది.

కుర్చీలకెళ్లి లేచి గది నడుమల ఊకెనే తిరిగిన. ఏడుపొచ్చింది, ఏడ్చిన.

టకటక

గొంతును, డప్పును విడదీసే సాఫ్ట్‌వేర్‌లున్నయి ఇప్పుడు. పెట్టి చూసిన. డప్పు నీళ్లల్ల మునిగినట్టు వచ్చింది. ఇంకోటి పెట్టిన, రేకు డబ్బా అయింది. మళ్ల నకిలీ చెయ్యే తయారైతున్నది. అన్ని పక్కకు పెట్టి మొయిన్ సాబ్‌ను యాది చేసుకున్న. చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్న.

మూడోపారి ఇంటుంటే కమల సద్ది పట్టుకొని వచ్చింది. గడప మీద నిలబడి ఇన్నది. "మంచిగున్నది గదా! ఎన్క ఆ టకటక ఏంది, సన్నగ?" అన్నది.

"ఏ టకటక?"

"అగో. అగో, అగో... ఇనపడ్తలేదా నీకు?"

నాకు ఇనపడ్తలే.

మళ్ల పెట్టిన. ఆమె దెబ్బ దెబ్బకు ఏలు ఆడిస్తున్నది. సిటికెన పుల్ల. అంతటా ఉన్నది, వానల గూడ సక్కగ మోగింది. డప్పు మొద్దుగ లేకుండె. మొద్దుబారింది నా చెవి.

మర్నాడు చెవుల డాక్టర్ కాడికి పోతే కాగితం మీద గీత గీసి చూపిచ్చిండు. సన్న సప్పుళ్లన్ని నాకు పోయినయి, చానా రోజులకెళ్లి పోతున్నయి అన్నడు. జహంగీర్ సూదులన్నది గదే. నాకు ఇనపడని సన్న సప్పుడును నాకు ఇనపడేదాక పెంచుకుంట, ఊరందరి చెవులల్ల సూదులు గుచ్చిన. పిల్లలారా, ఏడాదికొకపారి చెవులు చూపిచ్చుకోండ్రి. సిగ్గుపడకుండ్రి. మీ చెవి పోయిన ముచ్చట మీకు ఆఖరున తెలుస్తది.

బందు పెడదామని ఆ రోజే అనుకున్న. కని ఈ ఒక్క పాట చేసినంకనే తాళం ఏస్త అని పట్టు పట్టిన. చెవి లేకుంట ఎట్ల చేస్తవు అంటే, కమల చెవులు తెచ్చుకున్న. మిషిన్ అంటే ఆమడ దూరం ఉండేటామె, రోజు వంట చేసి వచ్చి నా పక్కన కూసున్నది. సన్నపుల్ల పోతే "పోయింది" అంటది, ఎక్కువైతే చెవి మూసుకుంటది. నేను గీతలు చూడలే, ఆమె మొకం చూసుకుంట చేసిన. విడదీసుడు మానుకున్న. గొంతు, డప్పు ఒకే గదిల ఎట్లుండెనో అట్లనే ఉంచి, డప్పును జర దగ్గరికి తెచ్చిన, గంతే. ఏ దెబ్బను గీత మీదికి జరపలే. పదకొండు రోజులు పట్టింది. ముందుగాల చేసినప్పుడు ఒక పూట పట్టింది.

తయారైనంక జహంగీర్ ఆటోల పెట్టి ఇన్నం. జహంగీర్ ఆఖరుదాక ఇని, "గిది మనిషి కొట్టిండు" అన్నడు.

మూడో చరణం

సువార్త ఇంటికి పోయినం, నేను, కమల. పాట పట్టిన చిన్న గది గదే. కిటికీలకు అప్పుడు కట్టిన బొంతలు ఇంకా ఉన్నయి. యేసోబు మంచంల గోడ దిక్కు తిరిగి పడుకున్నడు. నేను వచ్చిన్నని చెప్తే గూడ తిరగలే.

"యేసోబన్నా, నేను తప్పు చేసిన. నీ చెయ్యి తీసి ఇంకోని చెయ్యి పెట్టిన. నీ డప్పుల తప్పు లేకుండె, నా చెవిల ఉండె. ఒక్కపారి ఇను. నీదంటే నెట్ల ఇదే పెట్టిస్త, నీది కాదంటే ఇప్పుడే పేరు తీపిస్త" అన్న.

సువార్త చిన్న డబ్బాల పాట పెట్టింది. నేను కింద కూసొని చేతులు తొడల కింద పెట్టుకున్న.

మొదటి చరణం పోయింది. కదలలే. రెండో చరణంల ఎడమచేతి ఏళ్లు దుప్పటి మీద ఆడినయి. సువార్త నా దిక్కు చూసింది. మూడో చరణం వచ్చింది. దెబ్బ పడాల్సిన కాడ పడలే, ఆగింది, సువార్త ఊపిరి గుంజిన సప్పుడు ఇనపడ్డది, అప్పుడు పడ్డది. యేసోబు మెల్లగ ఇటు తిరిగిండు. ఏలు లేపిండు.

"గాడ... ఆగిన" అన్నడు. మాట ముద్దగ వచ్చింది గని అందరికి తెలిసింది.

"నువ్వు తప్పినవనుకున్న అన్నా. సరిజేసిన్ననుకొని జరిపిన."

నెత్తి అడ్డంగ ఊపిండు. "తప్పలే. బిడ్డకు... దమ్ము అందలే. అందేదాక... ఆగిన."

సువార్త పాట బందు చేసింది. ఆ పాట ఎన్నిసార్లు పాడిందో, ఎన్నిసార్లు ఇన్నదో! ఆ గుంజిన ఊపిరి ఆమెదే. దాని కోసం నాయిన చెయ్యి గాలిల ఆపి పట్టుకున్నడని ఆమెకు అప్పటిదాక తెల్వదు. పోయి మంచం పట్టెకు నెత్తి ఆనిచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఎడమచెయ్యి ఆమె నెత్తి మీద పెట్టిండు.

జర సేపయినంక గోడ మొలకు ఏలాడేసిన డప్పు దిక్కు చూపిచ్చిండు. "సిటికెన పుల్ల" అన్నడు.

సువార్త మొకం తుడుసుకొని డప్పు తెచ్చి ఆయన ఛాతికి ఆనిచ్చి పట్టుకున్నది. ఎడమచేతిల సన్నపుల్ల పెట్టింది. ఆమె మూడో చరణం మెల్లగ అందుకున్నది. ఆయన చెయ్యి లేచింది, ఆగింది, పడ్డది.

నాకు ఏం ఇనపడలే. సువార్త మొకం చూసిన. ఆమెకు ఇనపడ్డది.